కళ్ల ముందు కదిలే క్యూ



కంటితో చూడవలసిన సంగతిని రేడియోలో చెప్పడానికి కూర్చున్నాను. ఇదేం వరస అని మీకు అనిపించవచ్చు. కాకపోతే ఈ సంగతిని చెవితో కూడా పట్టుకోవచ్చు. 2013లో మాక్సిమిలియన్ లామైస్టర్ అనే ప్రోగ్రామర్ ఇంటర్నెట్‌లో ఒక చిన్న ప్రదర్శన పెట్టాడు. ఇప్పుడు దాని పేరు బిట్‌లిసన్. ఖాళీ తెర ఒకటి ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడో ఎవరో బిట్‌కాయిన్ పంపగానే ఆ తెర మీద ఒక బుడగ లేస్తుంది, దానితోపాటే ఒక స్వరం మోగుతుంది. చిన్న మొత్తమైతే బుడగ చిన్నది, స్వరం తారస్థాయిలో సన్నగా వినిపిస్తుంది. పెద్ద మొత్తమైతే బుడగ పెద్దది, స్వరం మంద్రంలోకి దిగుతుంది. దాన్ని పెట్టుకుని పక్కగదిలో పని చేసుకుంటున్నా సరే, ఇప్పుడో పెద్ద చేప కదిలిందని తెలిసిపోతుంది. అదే ఏడాది వికీపీడియాలో జరిగే మార్పులను గంటల మోతగా వినిపించే లిసన్ టు వికీపీడియా వచ్చింది. దాన్ని తయారుచేసిన ఇద్దరూ ఈ బిట్‌కాయిన్ బుడగలను చూసే తమకా ఆలోచన వచ్చిందని చెప్పుకున్నారు.

ఆ తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి. క్రిప్టో నెట్‌వర్క్‌లో ఈ క్షణాన ఏం జరుగుతోందో బుడగలుగా, చదరాలుగా, బస్సులుగా, ప్రపంచపటం మీద చుక్కలుగా చూపించే తెరలు. బిట్‌కాయిన్ కొనండనో కొనొద్దనో చెప్పడం ఈ ప్రసంగం పని కాదు. ధర ఎటు పోతుందో చెప్పగలిగితే నేనిక్కడికి రానవసరమే లేదు. ఈ తెరలను ఎలా చదవాలన్నదే నేటి సంగతి. ఎందుకంటే వీటిని చూసేవాళ్లలో చాలామంది డబ్బు పారుతున్నట్టు ఊహించుకుంటారు. తెర చూపేది మాత్రం క్యూని.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. ఎవరి డబ్బో ఎవరికో వెళుతుంటే సంబంధం లేని మనిషి ఇంట్లో కూర్చుని దాన్నెలా చూడగలుగుతున్నాడు? మన యూపీఐనే తీసుకోండి. 2023 ఆగస్టులో మొదటిసారి ఒకే నెలలో లావాదేవీలు 1,000 కోట్లు దాటాయి. కచ్చితంగా చెప్పాలంటే దాదాపు 1,058 కోట్లు. ఆ అంకె యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ప్రకటిస్తే మనకు తెలిసింది. ఈ క్షణంలో ఎవరెవరు స్కాన్ చేసి ఎంత కట్టారో బయటివాడికి కనిపించదు, కనిపించకూడదు కూడా. బిట్‌కాయిన్ సంగతి వేరు. దానికి బ్యాంకు లేదు, ఖాతా పుస్తకం దాచుకునే ఆఫీసు లేదు. 2008 అక్టోబరు 31న సతోషీ నకమోతో అనే మారుపేరుతో వచ్చిన పత్రంలోనే ఆ ఏర్పాటు ఉంది: ప్రతి లావాదేవీని అందరికీ చాటాలి, అందరూ సరిచూడాలి. రహస్యంగా ఉండేది మనిషి పేరు ఒక్కటే. లెక్కంతా బహిరంగం. 2009 జనవరి 3న మొదటి బ్లాక్, అంటే లావాదేవీల మొదటి కట్ట, పుట్టినప్పటి నుంచీ అదే పద్ధతి.

ఇంకో కారణం కూడా ఉంది. అభిమానులకు అంత రుచించకపోవచ్చు గాని చెప్పక తప్పదు. బిట్‌కాయిన్ నెమ్మదిగా నడుస్తుంది కాబట్టే దాని బొమ్మ అంత అందంగా ఉంటుంది. ఇందాకటి యూపీఐ లెక్కను సెకన్లలోకి దించితే సెకనుకు దాదాపు 4,000 వస్తాయి. బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో ఇటీవలి ఏళ్లలో సాధారణంగా నడిచేది సెకనుకు నాలుగు నుంచి ఏడు. ఒక్కొక్క బుడగనూ విడివిడిగా చూడగలగడం, ఒక్కొక్క గంటనూ విడివిడిగా వినగలగడం అందుకే. సెకనుకు 4,000 బుడగలు లేస్తే తెర తెల్లబడిపోతుంది, స్వరాలన్నీ కలిసి హోరైపోతాయి.

ఇప్పుడు తెర వెనక్కి వెళదాం. ఒకాయన ఫోన్‌లోని వాలెట్ నుంచి కొంత బిట్‌కాయిన్ పంపాడనుకోండి. ఆ లావాదేవీ ముందు ఒక కంప్యూటర్‌కు చేరుతుంది. బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ నడిపే ఇలాంటి కంప్యూటర్‌ను నోడ్ అంటారు. ఆ నోడ్ సంతకం సరిచూస్తుంది, ఆ డబ్బు ముందే ఖర్చయిపోలేదు కదా అని చూసుకుంటుంది. అన్నీ బాగుంటే తనకు తెలిసిన నోడ్‌లకు 'నా దగ్గర ఫలానా నంబరు లావాదేవీ ఉంది, కావాలా' అని కబురు పెడుతుంది. కావాలన్నవి అడిగి తీసుకుంటాయి. అవి మళ్లీ తమ పొరుగు నోడ్‌లకు. ఒక్కో నోడ్ మామూలుగా తానై పదింటితో చెలిమి చేస్తుంది, బయటి నుంచి వచ్చేవాటితో కలిపి 125 దాకా కలుపుకుంటుంది. కొన్ని సెకన్లలో కబురు ఖండాలు దాటిపోతుంది.

అలా వచ్చి బ్లాక్‌లో చోటు కోసం ఆగిన లావాదేవీలను ప్రతి నోడ్ తన జ్ఞాపకంలో ఒక చోట పెట్టుకుంటుంది. దాన్నే మెమ్‌పూల్ అంటారు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా పట్టుకోవాలి. లోకమంతటికీ ఒకే మెమ్‌పూల్ అంటూ లేదు. నోడ్‌కొక మెమ్‌పూల్. సాధారణ అమరికలో 300 మెగాబైట్లు నిండితే తక్కువ ఫీజు వాటిని నోడ్ బయటికి తోసేస్తుంది. రెండు వారాలు దాటినా ఎత్తుకునే దిక్కు లేని లావాదేవీని మరచిపోతుంది. ఒక నోడ్ యజమాని ఈ అమరికలు మార్చుకోవచ్చు. అంటే మీరు చూస్తున్న ప్రత్యక్ష దృశ్యం ఏ ఒక్క నోడ్‌లోంచో, మహా అయితే ఆ సైటువాళ్లు నడిపే కొన్ని నోడ్‌లలోంచో కనబడే దృశ్యం. రెండు సైట్లు పక్కపక్కన తెరిచి చూడండి, ఆగి ఉన్న లావాదేవీల అంకె ఒకటిగా ఉండదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఇలాంటి తెరల్లో ఎక్కువమంది చూసేది మెమ్‌పూల్ డాట్ స్పేస్. తెర నడిమిన నిలువుగా ఒక చుక్కల గీత ఉంటుంది. గీతకు కుడివైపు ఇప్పటికే గొలుసులో, అంటే బ్లాక్‌చెయిన్‌లో, చేరిపోయిన బ్లాకులు వరసగా పెట్టెల్లా కనిపిస్తాయి. ఎడమవైపువి ఇంకా పుట్టని బ్లాకులు, అంటే ఇప్పుడు క్యూలో ఉన్నవాటితో రాబోయే బ్లాకులు ఎలా నిండుతాయో వేసిన అంచనా. గీత పక్కనే ఉన్నది తర్వాత రావలసినది, దాని ఎడమన దాని తర్వాతిది. బ్లాక్ దొరకగానే పెట్టె ఒకటి గీత దాటి కుడివైపుకు జరుగుతుంది.

ఎడమవైపు మొదటి పెట్టె మీద నొక్కితే లోపల వందలు, వేల చిన్న చదరాలు. ఒక్కో చదరం ఒక్కో లావాదేవీ. చదరం ఎంత పెద్దదైతే ఆ లావాదేవీ బ్లాక్‌లో అంత ఎక్కువ చోటు తింటుంది. ఎంత డబ్బు పోతోందన్నదానితో దీనికి సంబంధం లేదు. ఈ చోటును వర్చువల్ బైట్లలో కొలుస్తారు. ఒక బ్లాక్‌లో పట్టేది అలాంటి బైట్లు పది లక్షలు. ఒక చోట నుంచి డబ్బు తీసి, ఒకరికి పంపి, మిగిలింది తానే ఉంచుకునే మామూలు లావాదేవీకి ఈ రోజుల్లో 141 బైట్లు చాలు. ఇక రంగు. బైటుకు ఎన్ని సతోషీలు ఫీజు ఇస్తానన్నారో దాన్ని బట్టి పచ్చ నుంచి పసుపు, నారింజ మీదుగా ఎరుపు దాకా మారుతుంది. సతోషీ అంటే బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు. బిట్‌కాయిన్ ధర కోటి రూపాయలనుకుంటే ఒక సతోషీ పది పైసలు. బైటుకు 5 సతోషీల చొప్పున మన 141 బైట్లకు 705 సతోషీలు, అంటే 70 రూపాయల చిల్లర. పంపేది 500 రూపాయలైనా అంతే, 500 కోట్లయినా అంతే. బ్లాకులు కట్టే మైనర్లకు బైటుకు ఎంత గిడుతుందన్నదే లెక్క. కాబట్టి వాళ్లు ఎక్కువ ఇచ్చేవాళ్లను ముందు ఎక్కించుకుంటారు. ఈ ఒక్క అలవాటు మీదే సైటువాళ్లు ఎడమవైపు అంచనా వేయగలుగుతున్నారు, ఆ అంచనా చాలామట్టుకు నిజమవుతోంది కూడా.

కాసేపు అలా చూస్తూ ఉంటే చదరాల్లో ఒకటి ఉన్నట్టుండి మాయమవుతుంది. కాసేపటికి అదే లావాదేవీ ఇంకాస్త ముదురు రంగులో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. పంపినవాడికి ఓపిక నశించి, ఫీజు పెంచి, పాతదాని స్థానంలో కొత్తది పెట్టాడన్నమాట. నియమాలు దీన్ని ఒప్పుకుంటాయి. ఈ తెర మీద మనిషి బుద్ధి కాస్తయినా తొంగిచూసే చోటు ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

ఇదే సంగతిని టీఎక్స్‌స్ట్రీట్ అనే సైటు బొమ్మల కథలా చూపిస్తుంది. అక్కడ లావాదేవీలు మనుషులు, బ్లాకులు బస్సులు. రోడ్డు మీదికి చిన్న చిన్న మనుషులు నడిచి వస్తారు, ఎక్కువ ఫీజు ఇచ్చినవాళ్లు ముందు బస్సెక్కుతారు, బ్లాక్ దొరకగానే బస్సు వెళ్లిపోతుంది. పిల్లలకు చూపిస్తే ఇట్టే అర్థమైపోతుంది. నాకు మాత్రం దానితో ఒక పేచీ ఉంది. మన పల్లెవెలుగు కోసం స్టాపులో నిలబడి ఇరవై నిమిషాలైతే, ఇంత సేపైంది కాబట్టి ఇక వచ్చేస్తుందిలే అనుకుంటాం. అనుకోవడంలో న్యాయం ఉంది, దానికో వేళ ఉంది, అది డిపో నుంచి బయలుదేరింది. బిట్‌కాయిన్ బ్లాక్‌కు డిపో లేదు, వేళ లేదు. లోకంలోని మైనింగ్ యంత్రాలన్నీ సెకనుకు లెక్కపెట్టలేనన్ని సార్లు ఊహించి చూస్తున్నాయి, వాటిలో ఏదో ఒకదానికి ఏ క్షణాన్నయినా తగలవచ్చు. సగటు 10 నిమిషాలు అంటారు. అయితే కిందటి బ్లాక్ వచ్చి ఇప్పటికే 25 నిమిషాలైతే తర్వాతది ఇంకెంతసేపటికి? సగటున ఇంకా 10 నిమిషాలకు. గడిచిన 25 నిమిషాలూ లెక్కలోకి రావు.

దీన్ని అర్థం చేసుకోకుండా ఈ తెరలు చూసేవాళ్లు అనవసరంగా బెంబేలెత్తుతారు. రెండు బ్లాకులు అరనిమిషం తేడాతో రావచ్చు. ఒక్కోసారి అలా వెంటనే వచ్చిన రెండోది ఖాళీగా ఉంటుంది. కొత్త క్యూను సర్దుకునేలోపే యంత్రానికి తగిలేసిందన్నమాట. క్యూలో వేలమంది ఉండగా ఖాళీ బ్లాక్ పోవడం చూసి మోసం జరిగిందనుకునేవాళ్లూ ఉన్నారు. అటువైపు, ఒక బ్లాక్‌కు గంట కన్నా ఎక్కువ పట్టే అవకాశం 400లో ఒకటి. రోజుకు సగటున 144 బ్లాకులు కాబట్టి దాదాపు మూడు రోజులకోసారి అలాంటి గంట రానే వస్తుంది. అప్పుడు ఎడమవైపు పెట్టెలు పెరుగుతూ పోతాయి, రంగులు ముదురుతాయి, నెట్‌వర్క్ ఆగిపోయిందని ఎవరో ఒకరు అరుస్తారు. ఆగిపోలేదు. పాచికలు అలా పడ్డాయంతే.

నిజంగానే నెమ్మదించిన రోజులూ లేకపోలేదు. 2021 మే, జూన్‌లలో చైనా మైనింగ్‌ను మూయించింది. అప్పటిదాకా లోకంలో అన్ని దేశాల కన్నా ఎక్కువ మైనింగ్ జరిగింది అక్కడే. యంత్రాలు ఆగాయి, కొన్ని ఓడలెక్కాయి. ప్రతి 2,016 బ్లాకులకోసారి బిట్‌కాయిన్ తన లెక్క ఎంత కష్టంగా ఉండాలో తానే సవరించుకుంటుంది. ఆ సవరణ వచ్చేదాకా బ్లాకుల మధ్య సగటు 10 నుంచి దాదాపు 14 నిమిషాలకు సాగింది. జులై 3న కష్టం ఒక్క దెబ్బకు దాదాపు 28 శాతం దిగింది. బిట్‌కాయిన్ చరిత్రలో అంత పెద్ద దిగుడు మరొకటి లేదు. ఒక ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం ఈ తెర మీద వారాల తరబడి అంత స్పష్టంగా కనబడటం అరుదు.

ఈ తెరల మీద పడిన కొన్ని వింతలు చెబుతాను. 2023 జనవరిలో ఆర్డినల్స్ అనే పద్ధతి వచ్చింది. బొమ్మలను, రాతలను నేరుగా బిట్‌కాయిన్ లావాదేవీలోనే పొదిగే పద్ధతి. ఫిబ్రవరి 1న ఒక మాంత్రికుడి కార్టూన్ దాదాపు 4 మెగాబైట్లతో గొలుసులోకి ఎక్కింది. 7,74,628వ బ్లాక్. మామూలుగా వేల చదరాలతో నిండే పెట్టె నిండా ఆ రోజు దాదాపు ఒకే ఒక్క చదరం. మిగతావన్నీ ఓ మూల నలకల్లా ఒదిగాయి. బిట్‌కాయిన్‌ను డబ్బుకే వాడాలనేవాళ్లకు, కట్టినవాడి ఇష్టం అనేవాళ్లకు మధ్య ఈనాటికీ నడుస్తున్న తగవు అంతా ఆ ఒక్క బొమ్మలో ఉంది. పదిపేజీల వ్యాసం రాసినా అంత బాగా చెప్పలేరు.

అదే ఏడాది సెప్టెంబరు 10న ఇంకొకటి. ఎవరో రెండు వేల డాలర్లు కూడా లేని మొత్తం పంపడానికి దాదాపు 19.8 బిట్‌కాయిన్లు ఫీజుగా కట్టారు. అప్పటి ధరలో 5 లక్షల డాలర్లు. చూస్తున్నవాళ్లు కళ్లు నులుముకున్నారు. తర్వాత తేలిందేమిటంటే అది పాక్సోస్ అనే అమెరికా సంస్థ సర్వర్లలో జరిగిన పొరపాటు. ఆ బ్లాక్ దొరికిన మైనింగ్ బృందం ఎఫ్‌టూపూల్ ఆ డబ్బు వెనక్కి ఇచ్చేసింది. ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు.

మరొకటి 2024 ఏప్రిల్ 20, మన కాలమానంలో తెల్లవారుజామున ఐదున్నర దాటాక. 8,40,000వ బ్లాక్. ప్రతి 2,10,000 బ్లాకులకు మైనర్ల బహుమతి సగమవుతుంది. ఆ బ్లాక్‌తో అది 6.25 బిట్‌కాయిన్ల నుంచి 3.125కు దిగింది. అదే బ్లాక్‌లో రూన్స్ అనే కొత్త టోకెన్ల పద్ధతి మొదలయ్యేలా ముందే పెట్టుకున్నారు. మొదటి వరసలో చోటు కోసం జనం తోసుకున్నారు. ఆ ఒక్క బ్లాక్‌లో ఫీజులే 37 బిట్‌కాయిన్లు దాటాయి, బహుమతికి పన్నెండు రెట్లు. తెర మీద ఎడమవైపు పెట్టెలన్నీ ఎరుపెక్కి, చిన్న చెల్లింపు పంపాలనుకున్నవాడికి ఆ రోజు దారి లేకుండా పోయింది. ఫీజు సంగతి చూసుకోకుండా పంపినవాళ్లు రోజుల తరబడి ఎదురుచూశారు.

ఇక తెర చూపించనివాటి దగ్గరికి వద్దాం. నా దృష్టిలో అసలు సంగతి ఇదే.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఒకాయన ఫోన్‌లో ఎక్స్ఛేంజ్ యాప్ తెరిచి పదివేల రూపాయల బిట్‌కాయిన్ కొన్నాడు. తెర మీద ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించదు. ఆ కొనుగోలు ఎక్స్ఛేంజ్ సొంత పుస్తకాల్లో జరిగిపోయింది. ఆ సంస్థ తన దగ్గరున్న మూటలోంచి ఒక భాగాన్ని ఆయన పేరు కింద రాసుకుంది, అంతే. ఆయన దాన్ని సొంత వాలెట్‌కు తీసుకున్ననాడే బిట్‌కాయిన్ నెట్‌వర్క్ మీద ఒక చదరం పుడుతుంది. లోకంలో జరిగే కొనుగోళ్లు, అమ్మకాల్లో అత్యధిక భాగం ఇలా తెర వెనకే జరుగుతాయి. ధర విరగబడి పడుతున్న రోజున నెట్‌వర్క్ తెర ప్రశాంతంగా ఉండవచ్చు. తెర ఎర్రబడిన రోజున ధరలో చలనమే లేకపోవచ్చు. లైట్‌నింగ్ అనే ఇంకో పొర ఉంది, చిన్న చెల్లింపులను గొలుసు బయటే వెంటవెంటనే తేల్చేస్తుంది. అవి కూడా ఇక్కడ కనబడవు.

మొత్తాల సంగతి మరీ తమాషా. బిట్‌కాయిన్‌లో ఖాతాలో నిల్వ అనేది ఉండదు, మునుపు వచ్చిన ముక్కలు మాత్రమే ఉంటాయి. ఒకరి దగ్గర 5 బిట్‌కాయిన్ల ముక్క ఒకటి ఉండి, అర బిట్‌కాయిన్ ఎవరికో ఇవ్వాలనుకుంటే ఐదూ కదలాల్సిందే. అర అవతలికి, మిగిలిన నాలుగున్నర చిల్లరగా తన వాలెట్‌లోనే కొత్త చిరునామాకు. రెండింటిలో చెల్లింపు ఏది, చిల్లర ఏది అన్నది గొలుసులో రాసి ఉండదు. బిట్‌లిసన్‌లో మంద్రంగా మోగిన ఆ గంభీరమైన స్వరం ఐదు బిట్‌కాయిన్ల బేరం కాకపోవచ్చు. అర బిట్‌కాయిన్ చెల్లింపు వెంట నడిచిన చిల్లరదే ఆ మోతలో ఎక్కువ పాలు.

పెద్ద మొత్తాలు కదిలినప్పుడల్లా సామాజిక మాధ్యమాల్లో 'తిమింగలం కదిలింది' అని దండోరా వేసే బాట్లు ఉన్నాయి. 2016లో బిట్‌ఫినెక్స్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 1,20,000 బిట్‌కాయిన్లు దొంగలు కొట్టేశారు. అవి ఏ చిరునామాల్లో ఉన్నాయో లోకమంతటికీ తెలుసు. వాటిలో చాలా భాగం ఏళ్లపాటు కదలలేదు. 2022 ఫిబ్రవరి 1న వాటిలో 94,000 పైచిలుకు ఉన్నట్టుండి కదిలి ఒకే చిరునామాకు చేరాయి. తెరలు చూస్తున్నవాళ్లంతా దొంగలు ఐదున్నరేళ్ల తర్వాత బయటికొచ్చారని ఊహాగానాలు మొదలెట్టారు. అమ్మేస్తారు, ధర కూలిపోతుంది అన్నారు. వారం తిరిగాక ఫిబ్రవరి 8న అమెరికా న్యాయశాఖ ప్రకటన వచ్చింది. కదిపింది వాళ్లే. నిందితుల ఆన్‌లైన్ ఖాతాలో దొరికిన ఫైలులోని తాళాలతో ఆ బిట్‌కాయిన్లను స్వాధీనం చేసుకున్నారు. అప్పటి విలువ దాదాపు 360 కోట్ల డాలర్లు. ఒకే కదలికను వేలమంది ప్రత్యక్షంగా, ఒక్క అంకె పొల్లుపోకుండా చూశారు. అది దొంగ చెయ్యో పోలీసు చెయ్యో వారం దాకా ఎవరికీ తెలియలేదు.

2024 మే 28న మౌంట్‌గాక్స్ విషయంలో ఇలాంటిదే జరిగింది. 2014లో కూలిపోయిన ఆ టోక్యో ఎక్స్ఛేంజ్‌కు సంబంధించిన దాదాపు 1,40,000 బిట్‌కాయిన్లు ఐదేళ్ల మౌనం తర్వాత కదిలాయి. మార్కెట్‌లో కలవరం, ధర కాస్త జారింది. చేసింది ఏమిటంటే, బాకీ రావలసినవాళ్లకు తిరిగి ఇచ్చే పనికి ముందు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చుకున్నారు. కాబట్టి తిమింగలాల దండోరా వార్తలో సగం మాత్రమే. మిగతా సగం ఎక్కడో ఒక ఆఫీసులో, ఒక కోర్టు కాగితంలో ఉంటుంది.

ప్రపంచపటం మీద నోడ్‌లను చుక్కలుగా చూపే బిట్‌నోడ్స్ లాంటి తెరలను కూడా జాగ్రత్తగా చదవాలి. ఒక దేశంలో చుక్కలు ఎక్కువుంటే అక్కడ బిట్‌కాయిన్ వాడకం ఎక్కువని కాదు. అద్దె సర్వర్లు ఎక్కడ చవకో అక్కడ చుక్కలు పెరుగుతాయి. పైగా నోడ్‌లలో చాలా భాగం టార్ అనే ముసుగు నెట్‌వర్క్ వెనక ఉంటాయి, వాటికి ఊరూ దేశం తెలియదు. పటంలో అవి అసలు పడవు.

ఎథీరియం అనే మరో క్రిప్టో నెట్‌వర్క్ గురించి రెండు ముక్కలు. 2022 సెప్టెంబరు 15 నుంచి అక్కడ మైనింగ్ లేదు. ప్రతి 12 సెకన్లకూ ఒక బ్లాక్‌కు వేళ ఉంటుంది కాబట్టి ఆ బొమ్మ తాళం తప్పకుండా కొట్టుకుంటుంది. అయితే అక్కడ బహిరంగ క్యూలో నిలబడితే ప్రమాదం. మీరు పెద్ద కొనుగోలు చేయబోతున్నారని క్యూలో చూసి, మీకన్నా ముందు తాము కొని, మీ కొనుగోలుతో ధర పెరగగానే అమ్మేసుకునే బాట్లు ఉన్నాయి. అందుకని తెలిసినవాళ్లు తమ లావాదేవీలను క్యూలో పెట్టకుండా బ్లాకులు కట్టేవాళ్లకు నేరుగా చాటుగా పంపుతున్నారు. చూసే కళ్లు పెరిగేకొద్దీ చూడటానికి మిగిలేది తగ్గుతోంది అక్కడ.

మన దేశానికి వస్తే, 2024 జులై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజ్ వాలెట్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన టోకెన్లు దొంగల పాలయ్యాయి. గొలుసును కాపు కాసే భద్రతా సంస్థ దాన్ని ప్రత్యక్షంగా పట్టుకుని హెచ్చరిక పెట్టింది. ఆ తర్వాత గంటల కొద్దీ టోకెన్లు ఎలా మారకమయ్యాయో, ఏ చిరునామాకు చేరాయో ఆసక్తి ఉన్నవాళ్లంతా చూశారు. ఆపగలిగినవాళ్లు మాత్రం లేరు. దాచుకున్న సొమ్ము అందులో ఇరుక్కున్నవాళ్లు మన తెలుగువాళ్లలోనూ ఉన్నారు. సొమ్ము పోతున్న దృశ్యం అంత స్పష్టంగా కనబడటం వాళ్లకు ఊరట కాదు సరికదా, పుండు మీద కారమే. 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి ఈ దొంగతనం ఉత్తర కొరియా వాళ్ల పనేనని ప్రకటించాయి.

ఈ తెరలు మామూలు మనిషికి అక్కరకొచ్చే సందర్భం మాత్రం ఒకటుంది. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో పరిచయమై, ఒక యాప్ పెట్టించి, మీ లక్ష పది లక్షలైంది చూడండని చూపించే మోసాలు మీరు వినే ఉంటారు. ఆ యాప్‌లో కనబడే అంకె వాళ్లు టైపు చేసుకున్నది. మీకు బిట్‌కాయిన్ పంపాం అని ఎవరైనా అంటే లావాదేవీ నంబరు అడగండి. 64 అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి నంబరు. దాన్ని ఏ బహిరంగ సైటులో పెట్టినా కనబడాలి, వచ్చిన చిరునామా మీ సొంత వాలెట్‌దే అయి ఉండాలి. స్క్రీన్‌షాట్ పనికిరాదు. కనబడ్డా, చుక్కల గీతకు ఎడమవైపే ఉంటే ఇంకా మీ చేతికి రానట్టే. పంపినవాడు ఫీజు పెంచి దాన్ని తనకే మళ్లించుకోవచ్చు. గీత దాటి ఒక బ్లాక్‌లో పడి, దాని మీద ఇంకో ఐదు బ్లాకులు చేరేదాకా పెద్ద మొత్తాల విషయంలో ఆగడం ఆనవాయితీ. అంటే మొత్తం ఆరు బ్లాకులు, సుమారు గంట.

ఇంకొక్క మాట. మీ లావాదేవీ ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని ఆ నంబరును ఎవరి సైటులోనో టైపు చేస్తారు. పది నిమిషాలకోసారి మళ్లీ చూస్తారు. గొలుసులో మీ పేరు లేదు. కానీ ఫలానా ఇంటర్నెట్ చిరునామా నుంచి ఫలానా లావాదేవీని పదేపదే ఎవరో చూస్తున్నారని ఆ సైటు నడిపేవాళ్లకు తెలిసిపోతుంది. దాచుకోదలిస్తే టార్ ద్వారా చూడవచ్చు. ఇంకా పట్టింపు ఉన్నవాళ్లు సొంత నోడ్ పెట్టుకుంటున్నారు. గొలుసు మొత్తం ఇప్పటికే 600 గిగాబైట్లు దాటింది, కాబట్టి కనీసం ఒక టెరాబైట్ డిస్కు, చిన్న కంప్యూటర్, ఆగకుండా నడిచే ఇంటర్నెట్ కావాలి. మొదటిసారి గొలుసంతా దించుకుని సరిచూసుకోవడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. మెమ్‌పూల్ డాట్ స్పేస్ నడిచే సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ సోర్సే, ఉచితంగా తెచ్చుకుని ఆ నోడ్ మీదే పెట్టుకోవచ్చు. అప్పుడు అవే పెట్టెలు, అవే చదరాలు మీ సొంత నోడ్ మెమ్‌పూల్ లోంచి కనబడతాయి. మీరు దేన్ని వెతికారన్న సంగతి మీ ఇల్లు దాటదు.